చిత్రాంగి: విచారణ లేని తీర్పు – సారంగధర కథారూపాలలో యువరాణి పాత్ర

వ్యాససంగ్రహం:
రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజనరేంద్రుని పేరుతో ముడిపడిన సారంగధర కథ ఐదు శతాబ్దాలకు పైగా తెలుగులో ద్విపదగా, ప్రబంధంగా, నాటకంగా, చలనచిత్రంగా రూపాంతరం చెందింది. ఈ కథలో నిందితురాలు రాజు చిన్న భార్య చిత్రాంగి. విచారణ లేకుండా కుమారుని శిక్షించిన రాజు పొరపాటును ఈ సాహిత్యం గుర్తించింది. అదే రాజు అదే తీరున చిత్రాంగి విషయంలో ఇచ్చిన తీర్పును మాత్రం న్యాయంగానే స్వీకరించింది. ఈ వ్యత్యాసాన్ని ప్రధాన కథారూపాల ఆధారంగా పరిశీలించి, ఇంగ్లండు రాణి కేథరిన్ హోవర్డుపై వచ్చిన చారిత్రక కల్పనతోను, పంజాబీ ‘లూణా’తోను పోల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చిత్రాంగి, సారంగధరుడు, రాజరాజనరేంద్రుడు, అమ్మంగదేవి, చారిత్రక కల్పన, కేథరిన్ హోవర్డ్.

1. ఉపోద్ఘాతం:

వయసు మళ్ళిన రాజు, యౌవనంలో ఉన్న రాణి, ఆమెపై వచ్చిన శీలాపవాదం, చివరకు మరణం. ఈ చట్రం ప్రపంచ సాహిత్యంలో తరచుగా కనిపిస్తుంది. ఇంగ్లండును ఏలిన ట్యూడర్ వంశంలో ఎనిమిదవ హెన్రీ ఐదవ భార్య కేథరిన్ హోవర్డ్ జీవితం ఇందుకు చరిత్ర ఇచ్చిన ఉదాహరణ. గోదావరి తీరాన ఇదే చట్రంలో నిలిచిన పాత్ర చిత్రాంగి. రాజమహేంద్రవరంలోని సారంగధర మెట్ట నేటికీ ఆ కథను స్థలంతో కలిపి చూపుతోంది. అయితే ఆ మెట్టకు పేరు రాకుమారునిది. శిక్ష పొందిన రాకుమారునికి కొండ దక్కింది. చిత్రాంగి పేరు మాత్రం లోకంలో నిందావాచకంగా మిగిలింది.

ఈ కథను గురించిన చర్చ ఎక్కువగా ‘ఇది నిజంగా జరిగిందా?’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతూ వచ్చింది. ఆ ప్రశ్నకు సమాధానం కష్టం కాదు. ఎవరి నేరాన్ని ఏ కథారూపం ఎవరి మీదికి మార్చింది, ఎవరి మాట విన్నది, ఎవరిది వినలేదు అన్నవే విమర్శ తేల్చవలసిన ప్రశ్నలు.

2. శాసనాల రాణి, కథల రాణి:

రాజరాజనరేంద్రుడు తూర్పు చాళుక్య విమలాదిత్యునికి, చోళ రాజరాజు కుమార్తె కుందవకు పుట్టినవాడు. 1022లో పట్టాభిషిక్తుడయ్యాడు. సవతి సోదరుడు ఏడవ విజయాదిత్యునితో సింహాసనం కోసం దీర్ఘకాలం పెనుగులాడాడు. కోరుమిల్లి, నందంపూడి, కలిదిండి శాసనాలు ఆయన పాలనకు ప్రధాన ఆధారాలు. వీటిలో మొదటి రెండూ గోదావరి డెల్టా గ్రామాలవే. నందంపూడి శాసన కర్త నన్నయభట్టు. ఆ దానాన్ని పొందినవాడు నారాయణభట్టు.

రాజరాజనరేంద్రుని పట్టమహిషి రాజేంద్ర చోళుని కుమార్తె అమ్మంగదేవి. వారి కుమారుడు రాజేంద్రుడు. తండ్రి అనంతరం వేంగి విజయాదిత్యుని వశమైంది. రాజేంద్రుడు 1070లో చోళ సింహాసనాన్ని అధిష్ఠించి కులోత్తుంగ చోళుడుగా ప్రసిద్ధి పొందాడు. శాసనాల్లో సారంగధరుడనే కుమారుడు గాని, చిత్రాంగి అనే రాణి గాని కనిపించరు.

కథలో సారంగధరుని తల్లి పేరు రత్నాంగి. అంటే లోకస్మృతిలో అమ్మంగదేవి పూర్తిగా తొలగిపోయింది. ఆమె స్థానాన్ని రత్నాంగి, చిత్రాంగి అనే జంట పేర్లు ఆక్రమించాయి. ఒకరు సాధ్వి, మరొకరు దుష్ట. రెండు రాజవంశాలను కలిపిన చారిత్రక స్త్రీ మరుగున పడి, కల్పిత స్త్రీ పాపిగా నిలిచింది. ఇది కేవలం వాస్తవదోషం కాదు. అంతఃపుర స్త్రీని రాజకీయ వ్యక్తిగా గుర్తుంచుకోవడం కంటె శీలపరీక్షకు ఉదాహరణగా గుర్తుంచుకోవడం లోకానికి సులువైంది.

కథ మూలాలు మరో దిక్కు చూపుతాయి. 15వ శతాబ్దపు గౌరన ద్విపద కావ్యం ‘నవనాథచరిత్ర’లో ఈ వృత్తాంతం మాళవదేశంతో ముడిపడి ఉంది. అక్కడి రాజు పేరు రాజమహేంద్రుడు. పేరు పోలికే ఈ కథను రాజమహేంద్రవరానికి చేర్చిందని భావించడానికి వీలుంది. నాథ సంప్రదాయంలో అవయవాలు కోల్పోయి సిద్ధుడైన చౌరంగి కథకు ఇది తెలుగు రూపం. 17వ శతాబ్దంలో అప్పకవి సారంగధరుణ్ణి రాజరాజనరేంద్రుని కుమారునిగా పేర్కొని, నన్నయ వ్యాకరణం ‘ఆంధ్రశబ్దచింతామణి’ నశించకుండా కాపాడిన సిద్ధునిగా చెప్పాడు. ఆ విధంగా రాకుమారునికి తెలుగు భాషాచరిత్రలోనే ఒక గౌరవస్థానం ఏర్పడింది. చిత్రాంగికి అటువంటి విమోచనను ఏ సంప్రదాయమూ కల్పించలేదు.

3. ప్రబంధంలో చిత్రాంగి:

తంజావూరు రఘునాథనాయకుని ఆస్థానకవి చేమకూర వేంకటకవి ‘సారంగధరచరిత్రము’తో ఈ కథకు ప్రబంధ గౌరవం దక్కింది. రాకుమారుని పావురం ఎగిరి చిత్రాంగి మేడపై వాలడం, దానికోసం అతడు లోపలికి వెళ్ళడం కథకు మలుపు. పావురం నెపంగా ఏర్పడిన ఈ ప్రవేశం కథనపరంగా కీలకమైనది. అతడు తనంతట తాను అంతఃపురంలోకి వచ్చాడు గాని దురుద్దేశంతో రాలేదు. కవి రాకుమారుణ్ణి నిర్దోషిగా ఉంచుతూనే నింద పుట్టడానికి కావలసిన పరిస్థితిని సమకూర్చాడు.

ఆ తరువాత నడిచే సంభాషణ ఈ కథకు ఆయువుపట్టు. చిత్రాంగి కోరుతుంది, సారంగధరుడు తల్లివరుస చెప్పి నిరాకరిస్తాడు. కథలో ఆమెకు మాట్లాడే అవకాశం దక్కేది ముఖ్యంగా ఇక్కడే. అయితే ఆ మాటలు శృంగార ప్రబంధ నాయిక మాటలు. తన పెళ్ళి ఎలా జరిగిందో, తండ్రి వయసున్న భర్తతో తన స్థితి ఏమిటో విన్నవించే మాటలకు ఆ చట్రంలో చోటు తక్కువ. ధర్మవాదమంతా రాకుమారుని పక్షాన, కామవాదమంతా రాణి పక్షాన చేరడంతో పాఠకుడు ముందే తీర్పరి అవుతాడు.

తిరస్కారం పొందిన చిత్రాంగి నింద మోపుతుంది. రాజు కుమారుణ్ణి పిలిచి అడగడు. కాళ్ళు చేతులు నరికించమని ఆజ్ఞాపిస్తాడు. సిద్ధుని కృపతో సారంగధరుడు తిరిగి అవయవాలు పొందుతాడు. నిజం వెల్లడైనాక ప్రచారంలో ఉన్న పలు కథారూపాలలో చిత్రాంగికి మరణమే ముగింపు. మొదటి ఆజ్ఞను కథ ‘తొందరపాటు’ అంటుంది. రెండవదాన్ని ‘ధర్మం’ అంటుంది. రెండుచోట్లా ఆజ్ఞ రాజుదే, రెండుచోట్లా విచారణ లేదు. బాధితుడు పురుషుడైనపుడు లోపంగా కనిపించిన పద్ధతి, నిందితురాలు స్త్రీ అయినపుడు లోపంగా కనిపించలేదు.

4. చిత్తరువు, ఖడ్గం, పెళ్ళి:

నాటక, చలనచిత్ర సంప్రదాయంలో బాగా విస్తరించిన అంశం చిత్తరువు. రాకుమారునికి సంబంధం వెదకే సందర్భంలో వచ్చిన చిత్రాంగి పటాన్ని చూసి రాజే మోహించడం, రాకుమారుణ్ణి వరునిగా తలచిన కన్యకు రాజు భార్యస్థానం దక్కడం ఇందులో ప్రధానం. కొన్ని రూపాలలో ఖడ్గంతో జరిపించిన వివాహం ఈ మోసానికి సాధనమవుతుంది. ఈ అంశం కథలోని నేరాల వరుసనే మార్చివేస్తుంది. చిత్రాంగి నింద మోపడం అప్పుడు మొదటి నేరం కాదు. దానికి ముందు రాజు చేసిన వంచన ఉంది. వరుస తప్పినది ఆమె కోరిక వల్ల కాదు, అతని పెళ్ళి వల్ల.

19వ శతాబ్దపు ప్రేక్షకులకు ఇది కేవలం పాతకథ కాదు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిగిన పట్టణం రాజమహేంద్రవరమే. ‘పెద్దయ్యగారి పెళ్ళి’గా పేరుపడిన కందుకూరి వీరేశలింగం ‘బ్రహ్మవివాహము’ వృద్ధుల పెళ్ళిళ్ళను ఎగతాళి చేసింది. 1883లో ఇంగ్లీషులో ‘సారంగధర’ కావ్యం రాసిన గురజాడ అప్పారావే తరువాత ‘కన్యాశుల్కం’లో ముసలివరుని సమస్యను రంగస్థలానికి ఎక్కించాడు. అదే రచయిత యౌవనంలో ఈ కథను ఎన్నుకోవడం గమనార్హం. నాటకంలో లుబ్ధావధాన్లు హాస్యపాత్ర కాగలిగాడు. రాజరాజనరేంద్రుడు మాత్రం నన్నయ ప్రభువు. అతణ్ణి ఆ కోవలో చూడటానికి తెలుగు సాహిత్యం జంకింది.

బళ్ళారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’తో ఈ కథను విషాదాంత నాటకంగా మలిచాడు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దీనికి పేరు. మంగళాంతమే నియమమైన సంస్కృత నాటక సంప్రదాయాన్ని కాదనడం సాహసమే. సిద్ధుని మహిమ చాటున రాజు తప్పు కనుమరుగయ్యే వీలును ఈ ముగింపు తొలగించింది. ఆజ్ఞకు తిరుగులేదన్న బరువు ప్రేక్షకుని మీద పడింది. అయినా ఆ విషాదానికి పేరు సారంగధరునిదే. 1957 చలనచిత్రంలో ఎన్.టి.రామారావు సారంగధరునిగా, ఎస్.వి.రంగారావు రాజుగా, భానుమతి చిత్రాంగిగా నటించారు. అంతటి నటి ఆ పాత్రను ధరించడంతో చిత్రాంగికి తెరమీద ప్రాధాన్యం పెరిగింది. శీర్షిక మాత్రం మారలేదు.

5. శీర్షిక మారిన నాటకం:

శీర్షికను మార్చినవాడు చలం. ‘చిత్రాంగి’ అని నాటకానికి పేరు పెట్టడమే ఒక విమర్శ. కథను ఎవరి దిక్కునుంచి చూడాలో ఆ పేరే నిర్ణయిస్తుంది. ప్రేమకు, వరుసకు మధ్య సంఘర్షణలో చలం చిత్రాంగి పక్షం వహించాడు. పెళ్ళి అనే తంతు ఒక స్త్రీని తాను కోరిన యువకునికి తల్లిని చేయగలదా అన్న ప్రశ్న ఈ దృష్టితో బలంగా ముందుకు వస్తుంది.

అయితే ఈ దృష్టికీ పరిమితి ఉంది. చలం పాత్రలు తరచు రచయిత ఆలోచనలకు వాహకాలు. చిత్రాంగికి స్వరం లభించింది గాని అది ఎక్కువగా చలం స్వరం. అంతకంటె క్లిష్టమైనది నింద విషయం. చిత్రాంగి ఎంతటి అన్యాయానికి గురైనా, ఆమె మోపిన నింద నిర్దోషి అవయవాలను హరించింది. ఆమెను సానుభూతితో చూడటమంటే ఆ నేరాన్ని మాఫీ చేయడం కాదు. అన్యాయానికి గురైన వ్యక్తి అన్యాయం చేయగలదన్న నిజాన్ని భరించినపుడే ఆ పాత్ర పూర్ణమవుతుంది. ప్రబంధం ఆమెను నేరంగా కుదించింది, సంస్కరణ దృష్టి ఆమెను బాధగా కుదించే ప్రమాదం ఉంది.

6. తులనాత్మక పరిశీలన:

కేథరిన్ హోవర్డ్ 1540 జూలై 28న హెన్రీని పెళ్ళాడింది. అప్పటికి రాజుకు 49 ఏళ్ళు, ఆమె ఇంకా ఇరవై దాటని యువతి అని చరిత్రకారులు పలువురి అంచనా. అంతకు ముందు హోల్బైన్ చిత్రించిన చిత్తరువును చూసి హెన్రీ క్లీవ్స్ రాకుమారి ఆన్‌ను పెళ్ళాడి నిరాశ చెందాడు. అక్కడ చిత్తరువు రాజును భ్రమపెట్టింది, రాజమహేంద్రవరపు కథలో చిత్తరువు కన్య బ్రతుకును తలకిందులు చేసింది. నష్టపోయానన్న రాజు వివాహాన్ని రద్దు చేయించుకొని బయటపడ్డాడు. కన్యకు ఆ దారి లేదు.

కేథరిన్‌ను బహిరంగ విచారణ లేకుండానే పార్లమెంటు చేసిన చట్టంతో దోషిగా నిర్ణయించి 1542 ఫిబ్రవరి 13న లండన్ టవర్‌లో శిరచ్ఛేదం చేశారు. ఆమె గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం ఆమెను ప్రశ్నించినవారు రాసుకున్న వాంగ్మూలాలే. ఫోర్డ్ మాడాక్స్ ఫోర్డ్ ‘ది ఫిఫ్త్ క్వీన్’ నవలాత్రయం (1906-08) ఆమెను విద్యావతిగా, మతనిష్ఠ గల స్త్రీగా తీర్చింది. ఫిలిప్పా గ్రెగరీ ‘ది బొలీన్ ఇన్‌హెరిటెన్స్’ (2006) ఆమెకు ఉత్తమ పురుష కథనాన్ని ఇచ్చి, ఆన్ ఆఫ్ క్లీవ్స్, జేన్ బొలీన్‌ల కథనాలను పక్కన నిలిపింది. ముగ్గురు స్త్రీలు ఒకే రాజును మూడు చోట్ల నుంచి చూడటంతో తీర్పు ఒక్కరి చేతిలో ఉండదు. ఫోర్డ్ ఆదర్శీకరణ కంటె ఈ పద్ధతి చిత్రాంగి కథకు ఎక్కువ పనికివస్తుంది.

మన దేశంలోనూ ఇటువంటి కథలున్నాయి. ‘దివ్యావదానం’లో అశోకుని రాణి తిష్యరక్షిత, సవతి కొడుకు కుణాలుని కథ ఈ కోవలోనిదే. పంజాబులో పూరణ్ భగత్ కథ చౌరంగి సంప్రదాయానికే చెందినది. శివకుమార్ బటాల్వీ ఆ కథలోని చిన్న రాణి పక్షాన ‘లూణా’ (1965) పద్యనాటకం రాసి 1967లో సాహిత్య అకాదెమీ పురస్కారం పొందాడు. చలంలాగే బటాల్వీ కూడా శీర్షికను రాణికి ఇచ్చాడు. వయసు తారతమ్యం గల పెళ్ళిని మొదటి నేరంగా నిలిపాడు. పంజాబీ సాహిత్యంలో ‘లూణా’ ఆధునిక కావ్యంగా నిలిచింది, తెలుగులో ‘చిత్రాంగి’ చలం ఇతర రచనల నీడలో ఉండిపోయింది. రాజరాజనరేంద్రుడు ఆదికవి ప్రభువు కావడం, ఆయన కీర్తి భాషాకీర్తితో ముడిపడడం ఇందుకు ఒక కారణం కావచ్చు.

7. ముగింపు:

• శాసనాధారాల ప్రకారం చిత్రాంగి, సారంగధరుడు చారిత్రక వ్యక్తులు కారు. కాని ఈ కల్పన చారిత్రక రాణి అమ్మంగదేవిని లోకస్మృతి నుంచి తప్పించింది. కథ చరిత్ర కాదని చెప్పడంతో పరిశోధన పని పూర్తికాదు. అది చరిత్రలో దేనిని కప్పివేసిందో కూడా చెప్పాలి.

• ప్రధాన కథారూపాలలో రాజు రెండు తీర్పులు ఇస్తాడు. మొదటిది పశ్చాత్తాపానికి, రెండవది సమర్థనకు పాత్రమైంది. విచారణ లేకపోవడం రెండింటికీ సమానమన్న విషయం విమర్శలో కేంద్రస్థానానికి రావాలి.

• చిత్తరువు అంశం నేరాల వరుసను మార్చి, రాజు వంచనను మొదట నిలుపుతుంది. 19వ శతాబ్దపు సంస్కరణ నేపథ్యం ఈ అర్థాన్ని మరింత స్పష్టం చేసింది.

• చలం శీర్షికను మార్చి కథను రాణి దిక్కునుంచి తెరిచాడు. ఆమె బాధను, ఆమె చేసిన హానిని ఒకే పాత్రలో పట్టి చూపడం చారిత్రక కల్పన ముందున్న పని.

రాజాజ్ఞతో అవయవాలు పోగొట్టుకున్నవానికి సిద్ధుడు దొరికాడు, కవులు దొరికారు, ఒక మెట్ట దొరికింది. చిత్రాంగికి దక్కవలసినది నిర్దోషిత్వం కాదు. తీర్పుకు ముందు నిందితురాలి మాట వినడమన్న కనీస న్యాయం. అది రాజరాజనరేంద్రుని కొలువులో దొరకలేదు. సాహిత్యంలోనైనా దొరకాలి.