నల్లటి నిగారింపు

పోత ఇనుప పెనం కొన్ననాడే పనికి రాదు. చేతుల ఓపికతో పదునెక్కుతుంది. చేవెళ్ల ప్రాంతంలో జొన్నరొట్టెకూ దోసెకూ తోడుండే ఈ పాత్రను సిద్ధం చేయడం చక్కని విద్య. ముందు సబ్బునీళ్లతో, పీచుతో రుద్ది పైనున్న జిడ్డు వదిలిస్తారు. ఒకటి రెండు రోజులు గంజి పోసి ఉంచి, కడిగి, తడి పూర్తిగా ఆరేదాకా పొయ్యి మీద కాస్తారు. సగానికి కోసిన ఉల్లిగడ్డను నూనెలో ముంచి పెనమంతా రుద్దుతారు. పూత పలుచగా ఉండాలి. ఎక్కువైతే బంకగా మిగులుతుంది. సన్నటి పొగ లేచే వేడికి నూనె అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఇనుముకు గట్టిగా అతుక్కుంటాయి. నాలుగైదు సార్లు ఇలా చేస్తే బూడిద రంగు పోయి నల్లటి నిగారింపు వస్తుంది. మొదటి దోసె చిరిగినా, పదునెక్కాక అట్లకాడ తాకగానే అంచు లేస్తుంది.

చింతపండు పులుసు ఆ పొరను తినేస్తుంది కాబట్టి ఇందులో ఉడికించరు. కాలే పెనం మీద చన్నీళ్లు గుమ్మరించరు. 2 శాతానికి మించి కార్బన్ ఉన్న పోత ఇనుము పెళుసు, పగిలిపోతుంది. పని అయ్యాక కడిగి, తుడిచి, సెగ చూపించి, చుక్క నూనె రాసి పెడతారు. తుప్పు పట్టినా రుద్ది, మళ్లీ నూనె పట్టిస్తే కోలుకుంటుంది. మందపాటి ఇనుము వేడిని నిలుపుకొంటుంది. పైన తడి అద్దిన జొన్నరొట్టె మచ్చలు మచ్చలుగా కాలి పొంగుతుంది. వాడేకొద్దీ తక్కిన పాత్రలు అరుగుతాయి, ఇది మెరుగవుతుంది.