చెమట కనపడని ఎండ

మా అన్నయ్య కొడుకు ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాడు. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. మొన్న ఫోన్లో, "ఎండ మండుతున్నా మన గూడూరులో లాగా ఉక్కపోతే లేదు బాబాయ్, చొక్కా కూడా తడవదు. శనివారం గ్రాండ్ కాన్యన్‌లోకి దిగుతున్నాం" అన్నాడు. నాకు భయం వేసింది ఆ తడవని చొక్కా గురించే.

బందరు గాలికి పెరిగినవాళ్లం, చెమట చూసుకునే ఎండని అంచనా వేస్తాం. రోహిణి కార్తెలో చొక్కా ఒంటికి అంటుకుపోతే చెట్టుకిందకి చేరతాం. ఎడారిలో ఆ హెచ్చరిక అందదు. పొడిగాలికి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. గంటకి లీటరు పోయినా వీపు మీద తెల్లటి ఉప్పు చార తప్ప ఏమీ కనపడదు.

పైగా ఆ లోయది తిరుమల మెట్లకి తలకిందుల వ్యవహారం. కొండకైతే ఆయాసమొస్తే వెనక్కి దిగిపోవచ్చు. అక్కడ ముందు దిగుడు, ఓపిక అయ్యాక ఎక్కుడు. అడుగున నది దగ్గర పైకంటే పది డిగ్రీలు ఎక్కువ వేడి. హుషారుగా దిగినవాడు తిరిగి ఎక్కబోయేసరికి మిట్టమధ్యాహ్నం. వేసవిలో పది నుంచి నాలుగు దాకా నడవొద్దని రేంజర్లు చెప్పేది అందుకే. మా ఊరి కూలీలకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, తెల్లారగట్ల చేలోకి దిగి పదకొండుకల్లా గట్టెక్కుతారు. తెలిసీ కూలి కోసం ఎండలో ఉండిపోయేవాళ్ల బాధ వేరు. 2015 మేలో వడగాడ్పులకి మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు.

"నీళ్లు బోలెడు పట్టుకెళ్తున్నాంలే" అన్నాడు. ఉత్త నీళ్లే తెగ తాగితే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, మాట తడబాటు, అచ్చం వడదెబ్బలాగే ఉంటుంది. ఇంకా నీళ్లు పట్టిస్తే ముదురుతుంది. మా నాన్న పొలానికి ఉప్పేసిన మజ్జిగ తీసుకెళ్లేవాడు. వీడిని ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఉప్పు వేరుశెనగలు పెట్టుకోమన్నాను.

ఎడారి చేసే మేలూ ఒకటుంది. ఇక్కడ తడిపి కట్టిన తలగుడ్డ తొందరగా ఆరదు, చల్లదనమూ అంతంతే. అక్కడ చొక్కా ముంచి తొడుక్కుంటే ఇట్టే ఆరుతూ ఒంటి వేడిని లాగేస్తుంది. మనిషి మాట తడబడితే నీడకి చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ సాయానికి కబురు పెట్టాలి. తాగే నీళ్లు కదా అని పిసినారితనం చెయ్యకూడదు.

అంతా విని, "అయితే నవంబర్లో థాంక్స్‌గివింగ్ సెలవులకి పెట్టుకుంటాంలే బాబాయ్" అన్నాడు. అప్పుడు స్వెట్టరు పట్టుకెళ్లమన్నాను.