దిగే తేదీ

సరుకుల ఓడల్లో పనిచేసేవారిలో ఎక్కువమంది కంపెనీకి శాశ్వత ఉద్యోగులు కారు. ఏజెంటు ద్వారా నాలుగు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు మీద ఓడ ఎక్కుతారు. దిగాక చాలామందికి జీతం ఆగిపోతుంది, మళ్లీ పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. అలాంటి మనిషికి కంపెనీ మీద మమకారం ఎందుకుండాలి? జీతం సమయానికి ఇంటికి చేరడం మొదటి మెట్టు. కాని అసలు సంగతి సైన్ ఆఫ్ తేదీ, అంటే ఓడ దిగే తేదీ దగ్గరుంది.

ఆ తేదీ వెనక్కి జరిగితే ఏమవుతుందో 2020లో కళ్లకు కట్టింది. కరోనాతో రేవులు మూతపడి, ఒక దశలో సుమారు 4 లక్షల మంది కాంట్రాక్టు ముగిసినా ఓడల్లోనే ఉండిపోయారు. నావికుల హక్కుల కోసం 2006లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఎవరూ ఏకబిగిన ఏడాదిపాటు ఓడలో ఉండకూడదు. ఆ గడువు దాటినవారూ అప్పుడున్నారు.

తర్వాతది నిద్ర. రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఉండాలన్నది నిబంధన. సెకండ్ ఆఫీసరు వాచ్ డ్యూటీ సాధారణంగా పగలు 12 నుంచి 4, రాత్రి 12 నుంచి 4. నడిసముద్రంలో ఇది సాగుతుంది. రేవు దగ్గర పడితే తాళ్లు కట్టే పని, సరుకు దించడం, తనిఖీ అధికారులు, అన్నీ ఆ నిద్రవేళలోనే వచ్చిపడతాయి. చాలా ఓడల్లో విశ్రాంతి పట్టికలో మాత్రం 10 గంటలూ నిండుగా కనిపిస్తాయి. అబద్ధం రాయించిన చేత్తోనే గోడకు అంటించిన భద్రతా పోస్టరును ఆ ఆఫీసరు నమ్మడు. ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా ఈ గండి పూడదు.

తిండి చిన్న విషయం కాదు. ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ సీసా అడుగంటాక వంటవాడి చేతి మహిమే ఓడకు వాతావరణం. ఇంటితో మాటా అంతే. ఇంటర్నెట్‌నూ సౌకర్యాల్లో చేర్చిన ఆ 2006 ఒప్పందపు సవరణలు 2024 డిసెంబరు 23న అమల్లోకి వచ్చాయి. ఇంటి గొంతు రోజూ వినబడుతోంది, మెస్‌లో పేకాట మాత్రం పలచబడింది.

కెప్టెన్ నోటి దురుసూ, రేవులో నేల మీద కాలు పెట్టే వీలు లేకపోవడమూ ఓపికను తినేస్తాయి. తన స్థానంలోకి వచ్చే రిలీవరు ఫలానా రేవులో ఎక్కుతున్నాడని ఖాయమైన కబురు వచ్చిందా, అప్పటిదాకా ముభావంగా తిరిగిన మనిషే ఎవరూ అడగకముందే హ్యాండోవర్ నోట్సు రాయడానికి కూర్చుంటాడు.