వీణకు లొంగని క్రిస్మస్ పాట

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే ఏలూరులో మా వీధికి రాత్రి తొమ్మిది దాటాక ఒక ట్రాలీ ఆటో వస్తుంది. దాని మీద కీబోర్డు, పక్కన డోలక్, కంజీరలు పట్టుకుని ఇద్దరు ముగ్గురు, వెనకాల మంకీ టోపీల్లో పాతిక మంది. క్యారల్స్ పార్టీ. పాడేవన్నీ దాదాపు తెలుగు పాటలే. నిరుడు మాత్రం మధ్యలో ఒక ఇంగ్లీషు పాట ఎత్తుకున్నారు. ‘వాట్ చైల్డ్ ఈజ్ దిస్’. మాటలు తెలియకపోయినా ఆ వరస మీలో చాలామంది వినే ఉంటారు. ఒకప్పుడు ఆఫీసులకు ఫోన్ చేస్తే లైన్లో ఉంచి వినిపించిన సంగీతాల్లో అదీ ఒకటి.

కీబోర్డు వాయించే కుర్రాడు మా పక్కింటివాడే. బాగుందిరా అన్నాను. “ఇది చాలా ఈజీ బాబాయ్. అన్నీ వైట్ కీసే” అన్నాడు.

వాడు వాయించింది అన్నీ తెల్ల మెట్లే, నిజమే. ఆ పాటకు మాత్రం రెండు నల్ల మెట్లు కావాలి. అవెక్కడివో చెప్పాలంటే నాలుగు వందల నలభై ఏళ్లు వెనక్కి, లూట్ అనే వాద్యం దగ్గరికి వెళ్లాలి.

ఆ వరస అసలు పేరు ‘గ్రీన్‌స్లీవ్స్’. పచ్చచేతుల గౌను తొడుక్కున్న ఒక దొరసాని తనను వదిలేసిందని ప్రియుడు పెట్టుకున్న మొర అది. 1580 సెప్టెంబరు 3న రిచర్డ్ జోన్స్ అనే ప్రచురణకర్త లండన్ పుస్తక వ్యాపారుల సంఘం రిజిస్టరులో దాన్ని నమోదు చేయించాడు. 1584లో పాటల సంకలనంలోకెక్కింది. షేక్స్‌పియర్ తన ‘మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్’ నాటకంలో రెండు చోట్ల దీని పేరెత్తాడంటే అప్పటికి ఊరందరి నోట ఉందనే. ఎనిమిదో హెన్రీ రాజు కట్టాడని ఒక కథ చెబుతారు. నమ్మకండి. ఆయన 1547లో పోయాడు. ఈ వరస నడక ఇటలీ నుంచి ఇంగ్లండుకు చేరింది ఆ తరవాతే.

దీని తొలి స్వరలిపులు లూట్ వాయించేవాళ్ల చేతిరాత పుస్తకాల్లో దొరుకుతాయి. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉన్న విలియం బాలెట్ పుస్తకం వాటిలో ఒకటి. ఫ్రాన్సిస్ కటింగ్ అనే విద్వాంసుడు కూర్చినది లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆ రాతలో మన స రి గ మలూ లేవు, ఇప్పటి స్టాఫ్ నొటేషనూ లేదు. ఆరు గీతలు ఆరు తీగలకు గుర్తు. గీత మీద ‘ఎ’ అని ఉంటే ఆ తీగను ఉత్తినే మీటాలి. ‘బి’ అంటే మొదటి మెట్టు, ‘సి’ అంటే రెండోది. స్వరం పేరు చెప్పదు, వేలు ఎక్కడ పెట్టాలో చెబుతుంది.

లూట్ మన వీణకు దూరపు చుట్టం. అరబ్బుల ‘అల్ ఊద్’, అంటే కొయ్య, స్పెయిన్ మీదుగా యూరప్ చేరి లూట్ అయింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో నూజివీడు మన ఏలూరు జిల్లాలోకి వచ్చింది కదా, అక్కడి వీణల పనివాళ్లను చూసినవారికి తేడా ఇట్టే తెలుస్తుంది. మనవాళ్లు పనస దుంగను తొలిచి కుండ తీస్తారు. లూట్ బుర్రను పలచటి చెక్క బద్దలు వంచి, అంచుకు అంచు అతికించి కడతారు. అందుకే చేత్తో ఎత్తితే కాగితపు నక్షత్రంలా తేలిపోతుంది. మన వీణకు ఇరవైనాలుగు మెట్లు, మైనంలో గట్టిగా కూర్చుంటాయి. ఆ పనిని మేళం కట్టడం అంటారు. లూట్ మెట్లు గొర్రె పేగుతో పేనిన తంతులు. మెడ చుట్టూ ముడివేసి, కావాలంటే అటూ ఇటూ జరుపుకుంటారు. తీగలూ పేగువే, జంటలుగా ఉంటాయి. మీటిన నాదం ఇట్టే ఆరిపోతుంది. వీణ మీద తీగ లాగి గమకంతో స్వరాన్ని బతికించినట్టు అక్కడ కుదరదు. ఆ లోటు తీర్చుకోవడానికి లూట్ వాళ్లు పొడుగు స్వరాన్ని చిన్నచిన్న స్వరాలుగా విరిచి పరుగెత్తిస్తారు. కటింగ్ కూర్పులో ఉన్న పని అదే. మన సంగతుల లాంటిదే అనుకోండి, పుట్టిన కారణం వేరు.

అసలు మలుపు కుడిచేతిలో ఉంది. పదిహేనో శతాబ్దం చివరిదాకా లూట్‌ను పక్షి ఈకతో మీటేవారు. ఈకతో ఒక వరసే పలుకుతుంది. ఈక పక్కన పెట్టి వేళ్లతో మీటడం మొదలుపెట్టాక బొటనవేలికి సొంత పని దొరికింది. మిగతా వేళ్లు పాట పలికిస్తుంటే అది కింది తీగల మీద వేరే నడక నడుస్తుంది. అప్పట్లో ఇటలీ నుంచి వచ్చిన కొన్ని మంద్ర నడకలు అందరికీ కంఠతా ఉండేవి. ఆ నడకను తిప్పితిప్పి వాయిస్తూ పైన ఎవరికి తోచిన వరస వాళ్లు అల్లుకునేవారు. గ్రీన్‌స్లీవ్స్ చరణం అలాంటి ఒక నడక మీదే నిలబడింది: స, ని, స, ప. పల్లవి ఇంకోదాని మీద: గ, ని, స, ప.

ఇప్పుడు పైనున్న పాట చూడండి. మొదటి వాక్యం షడ్జమంలో మొదలై, గాంధార మధ్యమాల మీదుగా పంచమం దాటి ధైవతాన్ని తాకి, మ రి ని అంటూ దిగుతుంది. ఆ సమయానికి బొటనవేలు ని మీద ఉంది. కాబట్టి పైనా కైశికి నిషాదమే. రెండో సగంలో రి ని ప అని దిగుతుంది. అప్పటికి బొటనవేలు పంచమానికి చేరింది. ఇప్పుడు నిషాదం కాకలి. ఒకే వాక్యంలో రెండు నిషాదాలన్నమాట. మన లెక్కలో ఖరహరప్రియగా మొదలై గౌరీమనోహరిగా ముగుస్తుంది. ధైవతం పాత రాతల్లో చతుశ్రుతి. తరవాతి రోజుల్లో కొందరు దాన్ని శుద్ధ ధైవతం చేసి పాడడం మొదలుపెట్టారు, పాట కీరవాణి వైపు ఒరిగింది. ఏడుపు ఎక్కువైంది, వెన్నెల తగ్గింది అని నా ఫిర్యాదు. మా కుర్రాడు తెల్ల మెట్ల మీదే ఉండిపోయి కాకలి నిషాదం కూడా వదిలేశాడు, అది అచ్చంగా నఠభైరవి.

నాకు వీణ కాస్తో కూస్తో వచ్చు. ఆ రాత్రి తీసి వాయించి చూశాను. సారణి మీద వరస పలికింది, మెట్లన్నీ ఉన్నాయి కదా. కానీ పంచమం, మంద్రం, అనుమంద్రం, పక్కనున్న తాళపు తీగలు మూడూ చెప్పేది స, ప, అంతే. కైశికి నిషాదం దగ్గర కింద ఆసరా లేక పాట గాల్లో వేలాడింది. పల్లవిలో గాంధారం మీద తెల్లారాల్సిన చోట నా వీణ ఇంకా షడ్జమమే అంటోంది. తప్పు వీణది కాదు. మన సంగీతంలో నేల కదలదు, దాని మీద రాగం తిరుగుతుంది. ఈ పాటలో నేలే నాలుగడుగులు వేస్తుంది.

ప్రేమపాట చర్చిలోకి ఎలా వచ్చిందని అడిగేవారికి సమాధానం మన దగ్గరే ఉంది. గ్రీన్‌స్లీవ్స్ నమోదైన ఆ సెప్టెంబరులోనే దానికి బైబిలు భావంతో కట్టిన ప్రతి కూడా రిజిస్టరుకెక్కింది. 1642లో అచ్చయిన క్రిస్మస్ పాటల పుస్తకంలో ఇదే వరసకు కొత్త సంవత్సరం పాట ఉంది. ఇప్పుడు పాడే మాటలు మాత్రం విలియం చాటర్టన్ డిక్స్‌వి. గ్లాస్గోలో సముద్ర బీమా కంపెనీ మేనేజరాయన. 1865 ప్రాంతంలో రాసిన ఆ మాటలు, 1871లో బ్రామ్లీ, స్టైనర్ తెచ్చిన సంకలనంలో ఈ వరసతో జతకట్టి వచ్చాయి.

మనవాళ్లకు ఇదేం వింత? ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు రాజగీతం వరసకు సంస్కృతంలో అమ్మవారి కీర్తన కట్టారు. ‘ఫలానా పాట మట్టు’ అని తల మీద రాసి కొత్త పాట అచ్చువేయడం మన పాత పుస్తకాల్లో మామూలే. తెలుగులో క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) మన రాగతాళాల్లోనే రాశారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం కనిపిస్తాయి. ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీ వాళ్లు 1854లో కేంద్రం పెట్టినప్పటి నుంచి ఇక్కడి గుళ్లలో హార్మోనియం వరసలూ ఈ రాగాలూ పక్కపక్కనే బతుకుతున్నాయి. రెండు చెవులతో పెరిగిన ఊరు మనది. గ్రీన్‌స్లీవ్స్‌లోని రెండు నిషాదాలను పట్టుకోవడానికి ఇంతకంటే తగిన చెవులు ఎక్కడ దొరుకుతాయి?

అందుకని ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు వీధుల్లో ఈ డిసెంబరులో కీబోర్డు పట్టే తమ్ముళ్లకు ఒక మనవి. ఏ మైనర్‌లో వాయిస్తుంటే ఎడమచేయి చరణానికి ఏ, జి, ఏ, ఇ మీద, పల్లవికి సి, జి, ఏ, ఇ మీద నడవనివ్వండి. కుడిచేయి ధైవతం దగ్గర ఎఫ్ వదిలి ఎఫ్ షార్ప్ తాకాలి. ఇ దగ్గరికి దిగేటప్పుడు జి వదిలి జి షార్ప్. ఆ రెండు నల్ల మెట్లు వేసి ఒక్కసారి వినండి. మా కుర్రాడికి చూపించాను. రెండు సార్లు తప్పాడు, మూడోసారి పలికింది.