కరవని బూటు

స్కీ బూటు కరిస్తే అది చెప్పు కరిచినట్టు కాదు. కొత్త కిర్రు చెప్పులు కరిస్తే ఆముదం పట్టించి వారం రోజులు తొడుక్కు తిరుగుతాం. తోలు మెత్తబడుతుంది, కాలికి లొంగుతుంది. స్కీ బూటు పైడొప్ప గట్టి ప్లాస్టిక్. అది కాలికి లొంగదు, చలి పెరిగేకొద్దీ ఇంకా బిర్రబిగుస్తుంది. పొద్దున్న హుషారుగా మంచు కొండ ఎక్కిన మనిషి మధ్యాహ్నానికల్లా హోటల్లో ఒక మూల చేరి, బకిళ్ళు ఊడదీసి, పళ్ళు బిగబట్టి కూర్చుంటాడు. మడమ మీద బొబ్బ, చీలమండ మీద కమిలిన మచ్చ, బొటనవేలి గోరు కింద నల్లగా గడ్డకట్టిన నెత్తురు. ఆల్ప్స్‌లోనైనా, రాకీ పర్వతాల్లోనైనా, మన గుల్మార్గ్‌లోనైనా ఈ దృశ్యం ఒకటే.

ఆ బాధను తప్పించే విద్య ఒకటుంది. అది తెలిసినవాళ్ళను బూట్ ఫిట్టర్లంటారు. వాళ్ళు వైద్యులు కారు, బూట్లు కుట్టేవాళ్ళూ కారు. పాదంలో ఎముక ఎక్కడ ఎలా కదులుతుందో ఒకరిలా, అచ్చు మీద పదార్థం ఎలా సాగుతుందో ఇంకొకరిలా తెలిసినవాళ్ళు. వాళ్ళ పనితనాన్ని పొగడడం మొదలుపెడితే నాకు ఆగడం తెలియదు. ఎందుకంటే నా కాళ్ళు వాళ్ళకు రుణపడి ఉన్నాయి.

సిలికాన్ వ్యాలీ తెలుగువాళ్ళకు చలికాలంలో తాహో సరస్సు కొండలకు వెళ్ళడం అలవాటే. నేనూ అలాగే వెళ్ళాను. అద్దె బూట్ల కౌంటర్లో కుర్రాడు అడిగింది ఒక్కటే ప్రశ్న: సైజెంత? చెప్పాను. హాయిగా ఉంటుందని ఒక సైజు పెద్దది చేతిలో పెట్టి, మందపాటి సాక్స్ రెండు జతలు వేసుకోమన్నాడు. నిజంగానే హాయిగా ఉంది, ఒక గంటసేపు. మూడో రోజుకి రెండు మడమలూ పచ్చిపుండ్లు. రెండు గోళ్ళు నల్లబడి, నెల తిరక్కుండానే ఊడిపోయాయి.

తరవాతి ఏడు ఒక స్నేహితుడు నన్ను కొలరాడోలో ఒక పెద్దాయన ముందు కూర్చోబెట్టాడు. అరగంట దాకా ఆయన బూట్ల జోలికే పోలేదు. సాక్స్ విప్పించి, నా పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు దాదాపు మూసుకుని, బొటనవేలితో ఒక్కొక్క ఎముకనూ తడిమాడు. కూర్చోబెట్టి కొలిచాడు, నిలబెట్టి మళ్ళీ కొలిచాడు. బరువు పడగానే పాదం పొడుగవుతుంది, వెడల్పవుతుంది, కొందరికి అరికాలి వంపు కుంగి లోపలివైపు ఎముక బయటికి పొడుచుకొస్తుంది. ఆ తేడా ఎంతో ఆయనకు కావాలి. మోకాలు ముందుకు వంచించి చీలమండ ఎంతవరకు మడత పడుతుందో చూశాడు. అప్పుడు నోరు విప్పాడు. నాకు పుండు పడింది బూటు బిగువై కాదట, వదులై!

ఈ విద్య మొత్తానికి పునాది ఆ ఒక్క మాటే. బొబ్బ ఒత్తిడితో లేవదు, రాపిడితో లేస్తుంది. వదులు బూట్లో ప్రతి మలుపుకీ మడమ లేస్తుంది, దిగుతుంది. చెమటకి నానిన చర్మం పైపొర ఒకవైపు, కిందిపొర ఇంకోవైపు లాగబడి విడిపోతాయి, ఆ సందులో నీరు చేరుతుంది. పాదం ముందుకు జారి గోళ్ళు ప్లాస్టిక్‌కి కొట్టుకుంటాయి. జారకుండా ఉండాలని మనం బకిళ్ళు ఇంకా బిగిస్తాం. అప్పుడు పాదం పైభాగంలో నరాలూ రక్తనాళాలూ నొక్కుకుపోయి వేళ్ళు తిమ్మిరెక్కి మొద్దుబారతాయి. తప్పు సైజుది, శిక్ష బకిల్‌ది, ఏడుపు పాదానిది.

అందుకే మంచి ఫిట్టర్ మొదట లోపలి మెత్తటి లైనర్ తీసేసి, ఖాళీ డొప్పలో కాలు పెట్టిస్తాడు. వేళ్ళు ముందు గోడకి తగిలీ తగలనట్టు ఉంచి, మడమ వెనక ఎంత ఖాళీ ఉందో చూస్తాడు. మామూలు మనిషికి ఒకటిన్నర నుంచి 2 సెంటీమీటర్లు, పందెగాళ్ళకు 1 సెంటీమీటరు లోపు. పాదం పొడవును సెంటీమీటర్లలో చెప్పే మాండోపాయింట్ కొలతలోనే స్కీ బూట్ల సైజులుంటాయి. 26, 26.5 అని రెండు సైజులు రాసినా సాధారణంగా డొప్ప ఒక్కటే, మారేది లోపలి సరంజామా. ఈ సంగతి తెలియక అర సైజు పెంచుకున్నామని సంతోషించేవాళ్ళను ఎంతమందిని చూశానో! ఆ తరవాత వెడల్పు. అచ్చు వెడల్పు 98, 100, 102 మిల్లీమీటర్లని పెట్టె మీద రాసి ఉంటుంది. కానీ మీ మడమ సన్ననిదా, పాదం పైభాగం ఎత్తైనదా అనేది ఏ పెట్టె మీదా రాసి ఉండదు. అది ఫిట్టర్ చేతికే తెలియాలి.

రెండో మెట్టు ఫుట్‌బెడ్, అంటే అరికాలి కింద మన పాదానికే సరిపోయేలా తీర్చిన పీఠం. వంపు కుంగకుండా అది ఆపితే, పొడుచుకొచ్చే ఎముక అసలు పొడుచుకురాదు. ఓనమాలు తెలియనివాడు ఎముక తగిలే చోట ప్లాస్టిక్ సాగదీస్తాడు. తెలిసినవాడు ముందు ఎముకను దాని చోట నిలబెడతాడు. అప్పటికీ తగిలే చోటును మాత్రమే ముట్టుకుంటాడు.

ముట్టుకోవడంలోనే ఉంది అసలు పనితనం. నొప్పి పుట్టే ఎముక మీద లిప్‌స్టిక్‌తో చుక్క పెడతారు. కాలు డొప్పలో పెట్టి తీస్తే ఆ చుక్క ప్లాస్టిక్ మీద అచ్చు పడుతుంది. అక్కడ వేడిగాలి పట్టించి, లోపల గుండ్రటి దిమ్మను ఆనించి, స్క్రూ తిప్పుతూ బయటికి నెడతారు. పూర్తిగా చల్లారేదాకా తీయకూడదు. తొందరపడితే ప్లాస్టిక్ వెనక్కి వచ్చేస్తుంది. వేడి తక్కువైతే సాగదు, ఎక్కువైతే ముడతలు పడి బూటు పాడవుతుంది. డొప్పల ప్లాస్టిక్కుల్లో పాలియురెథేన్ చెప్పినట్టు వింటుంది, తేలిక బూట్లలో వాడే గ్రిలమిడ్ మొండికేస్తుంది. చిటికెనవేలి మొదట్లో పక్కకి పొడుచుకొచ్చే ఎముకను ఫిట్టర్లు ‘ఆరో వేలు’ అంటారు. నా ఆరో వేలికి ఆ పెద్దాయన చేసిన చోటు బయటినుంచి చూస్తే కనపడను కూడా కనపడదు. వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది, చిన్న గవ్వంత గుంట. అంతకు ఒక్క మిల్లీమీటరు ఎక్కువ తీసినా కాలు పక్కకి కదిలేది.

చరిత్రంటారా, త్వరగా చెప్పేస్తాను. వెనకటి బూట్లు తోలువి, లేసులు కట్టుకునేవి, మంచుకి నానిపోయేవి. 1950లలో స్విట్జర్లాండ్‌లో హెంకె కంపెనీ బకిళ్ళు తెచ్చింది. 1960లలో అమెరికాలో బాబ్ లాంగ్ ప్లాస్టిక్ బూటు తెచ్చాడు. ఆ తొలి ప్లాస్టిక్ బూట్లు కాలి ముందెముకను ఎంతగా కుమ్మేసేవంటే, ఆ దెబ్బకి ‘లాంగ్ బ్యాంగ్’ అనే పేరే పడింది. ఇటలీలో మాంటెబెల్లూనా అనే ఊరు ఈ పరిశ్రమకి పట్టుగొమ్మ. అక్కడ బూట్లకి మ్యూజియమే పెట్టారు.

నాకు చరిత్రకంటే మనుషులు ముఖ్యం. స్వెన్ కూమర్‌ని చూడండి. మంచు తక్కువ ఆస్ట్రేలియా మనిషి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మోడర్న్ పెంటథ్లాన్ ఆడి, తరవాత జీవితమంతా స్కీ బూటుకే రాసిచ్చాడు. నోర్డికా కంపెనీకి బూట్లు రూపొందించాడు. జిప్‌ఫిట్ అనే లైనర్లలో కార్క్ పొడి కలిపిన ముద్ద నింపాడు. అది పాదం చుట్టూ తనంతట తాను సర్దుకుంటుంది, తొడుక్కున్నకొద్దీ ఇంకా కుదురుతుంది. ఆస్ట్రియాలో లెహ్ అనే పర్వత గ్రామంలో స్ట్రోల్ట్స్ దుకాణం వాళ్ళున్నారు. గిరాకీ మనిషిని బూట్లో నిలబెట్టి, ఆ కాలి చుట్టూనే లైనర్లోకి నురగ ఎక్కించి గట్టిపరుస్తారు. కొండ ఊరి దుకాణం వెతుక్కుంటూ దేశదేశాల నుంచి కాళ్ళు నడిచొస్తాయి! నురగ గొప్పదా కార్క్ గొప్పదా అంటే, నేను కార్క్ పక్షం, దాచుకోను. నురగ ఒక్క రోజు పాదాన్ని పట్టుకుంటుంది, కార్క్ ప్రతి రోజు పాదాన్నీ పట్టుకుంటుంది.

ఇక నా కోపం సులువు మోజుల మీద. 1980లలో వెనకనుంచి కాలు దూర్చే బూట్లు ఊపేశాయి. తొడుక్కోవడం సులువు, నిజమే. కానీ పాదాన్ని నాలుగు వైపులా సమంగా పట్టే నాలుగు బకిళ్ళ బూటుకి అవి సాటి రాలేదు. ఆ మోజు తగ్గడానికి పదేళ్ళు పట్టింది. ఇప్పుడు కొత్త మోజు: దుకాణంలో పొయ్యి లాంటి పెట్టెలో బూటు వేడిచేసి, పది నిమిషాలు కాలు పెట్టించి, ‘మీ పాదానికే అచ్చు’ అని పంపించేయడం. వేడిచేయడం తప్పు కాదు, మంచి ఫిట్టర్లూ చేస్తారు. కానీ సైజు చూడకుండా, పాదం తడమకుండా వేడిచేస్తే తప్పు బూటే ఇంకాస్త మెత్తని తప్పు బూటవుతుంది. దానికన్నా ఘోరం, ఫిట్టర్ దగ్గర గంటసేపు కూర్చుని, కొలతలన్నీ ఉచితంగా తీయించుకుని, ఇంటికెళ్ళి అదే బూటు తక్కువ ధరకి ఆన్‌లైన్లో తెప్పించుకోవడం. ఇది బేరం కాదు, విద్యను దొంగిలించడం. ఇలా ఫిట్టర్లను ఖాళీ చేతులతో వదిలేస్తూపోతే ఆ బొటనవేలి జ్ఞానం ఏ కుర్రాడికి అబ్బుతుంది? ఎవడు నేర్చుకుంటాడు? స్కీలకి వేలు పోసి బూటు దగ్గర పిసినారితనం చూపించేవాళ్ళకి నా మనవి ఒకటే: స్కీలు అద్దెకి తెచ్చుకోండి, బూట్లు మాత్రం సొంతంగా, ఫిట్టర్ చేతి మీదుగా కొనుక్కోండి.

ఈలోగా పుండు పడిందా? బొబ్బ చిన్నదైతే చిదపకండి. పెద్దదై నొప్పి పెడుతుంటే శుభ్రం చేసి, క్రిమిరహితం చేసిన సూదితో అంచున గుచ్చి నీరు తీసేయండి. పైచర్మం మాత్రం ఊడదీయకండి, అంతకు మించిన కట్టు లేదు. చిరిగిన బొబ్బకి హైడ్రోకొల్లాయిడ్ పట్టీ మంచిది. నొప్పి ఉన్న చోటే దూది కుక్కకండి, ఒత్తిడి రెట్టింపవుతుంది. మధ్యలో చిల్లు ఉన్న గారెలా మెత్తను కత్తిరించి పుండు చుట్టూ అంటించండి. సాక్స్ ఒక్క జతే, అదీ పల్చటిది. గోళ్ళు పొట్టిగా ఉండాలి. బూటు తొడుక్కోగానే మడమను రెండుసార్లు నేలకి తాటించి వెనక్కి కూర్చోబెట్టి, ముందు పై బకిళ్ళు పెట్టుకోండి. ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మధుమేహం ఉన్నవాళ్ళు సొంతవైద్యం అసలు వద్దు.

ఇంకో మాట. చాలామంది కాళ్ళు పూర్తిగా మానాక, వచ్చే ఏడు చూసుకుందాంలే అని ఫిట్టర్ దగ్గరికి ఆలస్యంగా వెళతారు. అలా చేయకండి. కొండ దిగిన రోజే, ఎర్రమచ్చ పచ్చిగా ఉండగానే, ఆ బూట్లతోనే వెళ్ళండి. చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. మీరు ఎంత వివరించినా చెప్పలేనిది ఆ మచ్చ చెబుతుంది. ఫిట్టర్ పని చేయవలసిన చోటు అప్పటికే మీ కాలి మీద గుర్తు పెట్టి ఉంటుంది, లిప్‌స్టిక్ కూడా అక్కర్లేదు.