ఇచ్చేదెవరు? ఎవరిది?

ప్రతిపక్షం నిలదీసినప్పుడు మన నాయకుల నోట తరచూ వచ్చే మాట: "మేమేం గాజులు తొడుక్కుని కూర్చోలేదు." ఈ వాక్యంలో స్త్రీ అన్న పదమే లేదు. అయినా స్త్రీ చేతకానిదన్న అర్థం వినేవాళ్ళందరికీ అందుతుంది. అభ్యంతరం చెబితే "ఆడవాళ్ళనేమన్నాం?" అని తప్పుకోవచ్చు. పైకి చెప్పిన అర్థానికి ఆవల స్ఫురించేదాన్ని ఆలంకారికులు ధ్వని అన్నారు. కావ్యంలో అది అందం. రాజకీయ చర్చలో మాత్రం, అనేసి కూడా అనలేదనిపించుకునే వెసులుబాటు.

మహిళా రిజర్వేషన్ బిల్లు చర్చల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 1996లో బిల్లు లోక్‌సభకు వచ్చింది. 1997లో శరద్ యాదవ్ దాన్ని వ్యతిరేకిస్తూ 'పర్‌కటీ' మహిళల ప్రస్తావన తెచ్చారు. రెక్కలు కత్తిరించినదని ఆ హిందీ మాటకు అర్థం. ఉద్దేశించింది జుట్టు కత్తిరించుకున్న నగర స్త్రీలను. వెనుకబడిన కులాల స్త్రీలకు ఉపకోటా కావాలన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ ఈ మాట ఆ ప్రశ్నను పక్కకు నెట్టేసింది. వేషం చూసి ఏ స్త్రీ ఎవరికి ప్రతినిధో తేల్చే అధికారం మగవాడిదేనని ధ్వనించింది.

"అర్హులైన స్త్రీలు దొరకాలి కదా" అన్న వాదన వినడానికి మర్యాదగానే ఉంటుంది. ఇప్పటికే సీట్లలో ఉన్న పురుషుల అర్హతను ఎవరూ అడగనక్కర్లేదని అది ముందే ఒప్పేసుకుంటుంది. ఎవరి కులం, ఎవరి డబ్బు అర్హతగా చెలామణీ అవుతున్నాయో చెప్పదు.

2010లో రాజ్యసభ ఆమోదించిన బిల్లు లోక్‌సభలో ముందుకు సాగలేదు. 2023 సెప్టెంబరులో 128వ రాజ్యాంగ సవరణ బిల్లుకు లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటు వేశారు. రాజ్యసభలో వ్యతిరేకించిన వారే లేరు. దాని పేరు 'నారీ శక్తి వందన్ అధినియమ్'. అమలును మాత్రం జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు. హక్కు అని ఉంటే ఎప్పుడిస్తారని నిలదీస్తాం. చేతులు జోడించి వందనం చేసినవాణ్ణి బాకీ అడగడం మర్యాద కాదు. పేరులోని ధ్వని అదే.

అభ్యంతరకరమైన పదాన్ని సభా రికార్డుల నుంచి తొలగించవచ్చు. ధ్వనిని తొలగించే నిబంధన లేదు. దాన్ని బయటికి లాగి, అన్నవాళ్ళ చేతే ఒప్పించడం విమర్శ చెయ్యవలసిన పని. "మహిళలకు సీట్లు ఇచ్చాం" అని ఏ పార్టీ చెప్పినా మొదటి ప్రశ్న ఒకటే: అవి అంతకుముందు ఎవరివి?