దోషమే సాక్ష్యము

సింగరాయకొండలోను, దాని పడమటనున్న కందుకూరు పల్లెలలోను, పొగాకు మంచి ధర పలికిన యేట చేయించిన కెంపుల అడ్డిగనో, రాళ్ళ కమ్మలనో ఇనుపపెట్టెలో దాచుకొనివచ్చిన కుటుంబములు పెక్కు గలవు. పంపకముల నాడు ఆ నగలు బయటికి వచ్చినపుడు బంగారమును గూర్చి వివాదముండదు. గీటురాయియు త్రాసును దాని తీర్పు చెప్పును. చిక్కంతయు రాతియొద్దనే. "ఇది జాతి కెంపేనా అత్తయ్యా?" యని కోడలడుగగా, "మా అత్తగారు పెట్టినది, జాతిది గాక మరేమగును?" అని పెద్దావిడ నొచ్చుకొనును. అత్తగారి మాట గౌరవింపదగినదే. అత్తగారికి రాయి అమ్మిన వర్తకుని మాట వేరు.

మన పూర్వులు ఈ పరీక్షను శాస్త్రముగనే పెంచిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోశమునకు చేర్పదగిన రత్నముల పరీక్షకు ఒక ప్రకరణమే కలదు. ఆరవ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితయందు వజ్రమునకు, ముత్యమునకు, పద్మరాగమునకు (అనగా కెంపునకు), మరకతమునకు వేర్వేరు అధ్యాయములు కేటాయించెను. వజ్రమో కురువిందమో తప్ప మరేదియు పద్మరాగమును గీయజాలదని గరుడపురాణము నిర్దేశించినది. కెంపును ఎఱ్ఱగాజునుండి వేరుచేయుటకు ఈ సూత్రము నేటికిని చెల్లును. కెంపు వేసిన పాలు ఎఱ్ఱబారుననియు, నాలుకకు చల్లగా తగులుననియు చెప్పు మాటలు దీనికి చాల దిగువన నిలుచునవి. పాల ముచ్చటను నేను పరీక్షగా లెక్కింపనే లెక్కింపను.

1902లో పారిస్ నగరమున ఆగస్త్ వెర్నెయ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ప్రకటించిన విధానముతో ఈ కట్టుదిట్టమంతయు తలక్రిందులైనది. అల్యూమినియం ఆక్సైడు పొడిలో రవంత క్రోమియము కలిపి, ఆక్సిజన్, హైడ్రోజన్‌ల మంటగుండా సన్నగా జారవిడిచినచో, 2000 డిగ్రీల సెంటిగ్రేడు మించిన ఆ వేడిమిలో అది కరగి, క్రిందనున్న ఆధారముపై పొరపొరగా పేరుకొని, కొన్ని గంటలలోనే కెంపుకాడయై నిలుచును. ఇది గాజు కాదు, రంగుపూతయు కాదు. భూగర్భమున పుట్టిన కెంపు ఏ ద్రవ్యమో ఇదియు ఆ ద్రవ్యమే. కాఠిన్యము 9, సాంద్రత సుమారు 4, కాంతిని వంచు గుణమును సమానమే. గీసి చూచినను, తూచి చూచినను రెండు రాళ్ళును ఒక్క జవాబే చెప్పును.

ఇక మిగిలినది జన్మవృత్తాంతము. మంటలో పెరుగు కాడకు పైతలము ఎల్లపుడును ఉబ్బెత్తుగా నుండును గాన, పొరలును వంపు తిరిగియే గట్టిపడును. సానపట్టిన పిదప సైతము, రాతిని మెల్లగా త్రిప్పుచు పదింతలు చూపు భూతద్దముతో పరికించినచో, ఆ పొరలు గట్టు వెంబడి వంగిన నాగటిచాళ్ళవలె కనబడవచ్చును. వాటి నడుమ గాలిబుడగలును చిక్కియుండవచ్చును. నేలలో పెరిగిన స్ఫటికమునకు చదునైన ముఖములుండును. కావున దాని రంగుపట్టెలు తిన్నని గీతలై, కోణములలో ఒండొంటిని కలియును. రూటైల్ అను ఖనిజపు అతిసూక్ష్మమైన సూదులు మూడు దిశల అల్లుకొనియుండుట, అన్య స్ఫటికములు ఇమిడియుండుట సహజమైన రాతి లక్షణములు. బిందువు, రేఖ యని రత్నశాస్త్రకారులు దోషముల పట్టికలో చేర్చి త్రోసివేసిన వానినే నేటి పరీక్షకుడు సాక్షులుగా పిలుచుచున్నాడు! మిక్కిలి నిర్మలమై, పెద్దదై, అగ్గువకు దొరికిన కెంపునే ముందుగా శంకింపవలెను. రాతిలో ఇమిడిన అన్యద్రవ్యమే దానికి విలువ తెచ్చుట ఈ సీమవారికి వింతగా తోపరాదు. చీమకుర్తి నల్లరాయి దేశదేశములకు పోవుచున్నది తనలోని కంచువన్నె ఖనిజపు మెరపుల బలముననే గదా.

నగ వయస్సు కొంత తోడ్పడును. కృత్రిమ నీలము 1910 ప్రాంతమునను, అంగడికెక్కిన కృత్రిమ పచ్చ 1930ల పిదపను, ప్రయోగశాల వజ్రము 1950లలోను పుట్టినవి. అంతకు పూర్వము పొదిగి, మరల కదలింపని రాయి గాజో మరొక ఖనిజమో కావచ్చును గాని, ఈ కోవకు చెందదు. అయితే మన యిండ్లలో నగను చెడగొట్టి క్రొత్త తీరున చేయించుటయు, రాయి ఊడినచోట అంగడిలో దొరికినదానిని పొదిగించుటయు పరిపాటి. తిరుచిరాపల్లి పరిసర గ్రామములలో కృత్రిమ రాళ్ళకు సానపట్టుట గృహపరిశ్రమగా వర్ధిల్లినది. కెంపు విషయమునకు వచ్చిన, 1920లలో చేసిన కమ్మలలో వెర్నెయ్ కెంపుండుట అబ్బురము కాదు; నాయనమ్మది గనుక జాతిదే యను వాదము నిలువదు.

కుందనపు పనిలో రాతి వెనుకభాగమును మూసి, లోన లక్క నింపి, మెరుపునకై పలుచని రేకు వేయుదురు. వెనుకనుండి వెలుగు ప్రసరింపదు కాబట్టి ఇంటిలో చూచి నిశ్చయించుట కష్టము. అట్టి నగను వేడినీట ముంచినచో రేకు నల్లబడును, లక్క సడలును. జైపూరులో 1972లో నెలకొన్న రత్నపరీక్షాలయమువంటి చోటికి పంపువారు, రాయి సహజమా కృత్రిమమా యని మాత్రమే కాక, కాల్చినదా, పగుళ్ళలో గాజు నింపినదా యనియు అడుగవలెను. రంగు తేటపడుటకై సహజమైన కెంపును తీవ్రమైన వేడిమికి గురిచేసినపుడు రూటైల్ సూదులు కరగి, తెగి, చుక్కల బారులై మిగులును. పరీక్షకుడు ఆ చుక్కలను సైతము చదువగలడు.